దయ్యం కథలు ఇప్పుడు ఎందుకు భయపెట్టడం లేదు?

మేడమీదగది:
మొన్న ఊళ్ళో ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీది ట్రంకుపెట్టెలో అమ్మ కుట్టుకున్న సీరియల్ దొరికింది. వారపత్రిక నుంచి వారం వారం పేజీలు విడదీసి, దబ్బనంతో పురికొస దూర్చి కుట్టి, పాత క్యాలెండర్ కాగితం అట్టగా వేసి మైదా జిగురుతో అంటించినది. మంత్రగాడు, శ్మశానం, పాడుబడ్డ బంగళా, గంపల కొద్దీ నిమ్మకాయలు, ఏ లోటూ లేదు.

చిన్నప్పుడు అమ్మ చూడకుండా ఇదే చదివి, రాత్రి పెరట్లోకి వెళ్ళాలంటే తమ్ముణ్ణి లేపేవాణ్ణి. వాడికి రెండు జీళ్ళు లంచం. ఇప్పుడు నలభై ఎనిమిదేళ్ళ వయసులో మియాపూర్ నుంచి అమీర్‌పేట దాకా మెట్రోలో నిలబడి అదే కథ చదివాను. భయం సంగతి దేవుడెరుగు, ఆ మంత్రగాడికి నిమ్మకాయల ఖర్చు ఎంతయి ఉంటుందా అని లెక్క వేస్తున్నాను!

రోజూ ఏదో ఒకటి చదవనిదే నిద్ర పట్టని మనిషిని. దయ్యాల పుస్తకం కనిపిస్తే ఇప్పటికీ వదలను. కానీ ఆ పాత వణుకు రావడం లేదు. లోపం పుస్తకాలదా, నాదా? మీకూ ఇంతేనా?

అన్నట్టు, ఆ కట్టలో చివరి రెండు వారాల పేజీలు లేవు. అట్ట మీద పేరూ లేదు.

రాత్రిడ్యూటీ:
నేను నర్సుని. రాత్రి రెండింటికి వార్డు సద్దుమణిగాక చదువుతాను. శ్మశానాలూ పుర్రెలూ నాకూ పనిచేయవు. చావును దగ్గరగా చూసేవాళ్ళకు పుర్రె బొమ్మలాగే ఉంటుంది.

నన్ను నిజంగా కుర్చీలోంచి లేపింది డ్రాక్యులా. 1897 నాటి నవల. మొత్తం డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు, పత్రికల ముక్కలే. అందులో ఒక ఓడ కెప్టెన్ రాసుకున్న దినచర్య ఉంటుంది. గాలి ఎటు వీస్తోంది, కాపలా ఎవరిది, ఇవాళ ఒక నావికుడు కనిపించలేదు. మరి కొన్ని రోజులకు ఇంకొకడు లేడు. ఆ తరువాత మరొకడు. చివరికి ఓడ ఒడ్డుకు చేరేసరికి కెప్టెన్ శవం చుక్కానికి కట్టేసి ఉంటుంది.

అది చదువుతూ నా ముందున్న రిపోర్టు పుస్తకం చూశాను. "2.10: పేషెంటు నిద్రలో ఉన్నారు. 3.00: నిద్రలో ఉన్నారు." నా చేతిరాతే. లేచి వెళ్ళి ప్రతి మంచం దగ్గరా ఊపిరి చూసి వచ్చాను. అరుపులు రాసే రచయిత కంటే లెక్కలు రాసే రచయితే నన్ను భయపెడతాడు.

వేపచెట్టు:
మేడమీదగది గారూ, అద్దె పుస్తకాల షాపు పుస్తకమైతే మీకు ఆ వణుకు మళ్ళీ వచ్చేదేమో. మా వీధి చివర ఉండేది, సైకిల్ షాపు పక్కన. రోజుకు అర్ధరూపాయి. అట్టమీద గోనె సంచి రంగు కాగితం, లోపల ఎవరెవరి నూనె చేతుల మరకలో.

ఒక దయ్యం నవలలో 147వ పేజీ అంచున ఎవరో పెన్సిల్‌తో రాశారు: "ఇక్కడితో ఆపి మిగతాది పొద్దున చదవండి." దాని కింద వేరే దస్తూరీ: "నేను ఆపలేదు. జ్వరం వచ్చింది." ఆ కిందే ఇంకొకరు: "నాకు రాలేదు. పిరికివాళ్ళు." దాని కింద అదే దస్తూరీలో, కాస్త వంకరగా: "వచ్చింది."

ఇప్పుడు ఆ పేజీలో కథ ఏమిటో ఒక్క ముక్క గుర్తులేదు. ఆ నాలుగు రాతలు మాత్రం మరిచిపోలేదు.

కుక్కర్‌కూత:
భయపడాలంటే ముందు ఇంట్లో నిశ్శబ్దం ఉండాలండీ. నేను చదివేది మూడు కూతల మధ్య. మొదటి కూతకు తలుపు తెరుచుకుంటుంది, రెండో కూతకు ఎవరో లోపలికి వస్తారు, మూడో కూతకు నేను స్టవ్ ఆపాలి. దయ్యం పాపం గుమ్మంలోనే నిలబడి ఉంటుంది, నేను పోపు వేసి వచ్చేదాకా.

పైశాచి:
అసలు మన దయ్యాలకు భయపెట్టడం ప్రధాన వృత్తి కాదేమోనని నా అనుమానం. చందమామలో బేతాళుణ్ణి చూడండి. భుజం మీద శవం, చుట్టూ చీకటి, చేతిలో కత్తితో రాజు. శంకర్ గారి ఆ బొమ్మ చూస్తే ఎవరికైనా గుండె ఝల్లుమనాలి. కానీ ఆ శవం నోరు తెరిచి అడిగేది ధర్మసందేహం! పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ కంటే మర్యాదగా.

పదకొండో శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు కూర్చిన కథాసరిత్సాగరంలో ఈ బేతాళ కథలు ఇరవై అయిదు. అక్కడ రాజు పేరు త్రివిక్రమసేనుడు. దానికీ మూలం గుణాఢ్యుడి బృహత్కథ అంటారు. గుణాఢ్యుడు శాతవాహన రాజు ఆస్థానంలో ఉండేవాడు కాబట్టి మనకూ ఆయనతో కొంత చుట్టరికం ఉంది. పందెంలో ఓడి సంస్కృతం, ప్రాకృతం, దేశభాష మూడూ వదిలేసి, పైశాచి భాషలో రాశాడు. అడవిలో సిరా దొరకక తన నెత్తురుతో ఏడు లక్షల శ్లోకాలు. రాజు ఛీకొట్టాడు. అప్పుడాయన నిప్పు రాజేసి, ఒక్కొక్క పత్రం జంతువులకు చదివి వినిపించి మంటలో వేశాడు. జింకలూ పందులూ మేత మానేసి కన్నీళ్ళతో విన్నాయి. రాజుగారి వంటింటికి ఎండిన మాంసం రావడంతో ఆరా తీసి పరుగెత్తుకొచ్చేసరికి మిగిలింది ఒక్క లక్ష.

పిశాచాల భాషలో రాసిన కథ విని జంతువులు ఏడ్చాయి గానీ భయపడి పారిపోలేదు. ఇంకో సంగతి: నేర్చిన విద్య ఎవరికీ చెప్పకుండా చచ్చినవాడు బ్రహ్మరాక్షసుడవుతాడని మా తాతగారు అనేవారు. నా దగ్గర పుస్తకాలు అరువు తీసుకుని తిరిగి ఇవ్వనివాళ్ళు ఏమవుతారో ఆయన చెప్పలేదు.

ఎర్రనేల:
అందరూ సరదాగా మాట్లాడుతున్నారు, నా మాట కాస్త చేదుగా ఉంటుంది, మన్నించండి. మాది మెదక్ వైపు పల్లె. 1980లలో పట్నాల్లో క్షుద్ర నవలలు ఎగబడి చదువుతున్న రోజుల్లో మా వైపు బాణామతి అంటే వినోదం కాదు. చేతబడి చేస్తున్నారని అనుమానించి మనుషుల పళ్ళు ఊడగొట్టేవారు, మంత్రం నోట పలకకుండా. మా బంధువుల్లో ఒక పెద్దమ్మ ఊరు విడిచి వెళ్ళిపోయింది. ఆమె చేసిన నేరమల్లా ఇద్దరు పిల్లలు జ్వరంతో పోయిన వారంలో ఒంటరిగా బావి దగ్గర కనిపించడం.

తులసిదళం అనే క్షుద్ర నవల నేనూ చదివాను. రచయిత యండమూరి కలం పట్టు కాదనను, తెల్లారేదాకా కింద పెట్టలేదు. ఒక పక్క మంత్రం, ఒక పక్క వైద్యం, రెండింటినీ తక్కెడలో ఉంచిన నేర్పూ ఒప్పుకుంటాను. కానీ ఆ తక్కెడ మా ఊళ్ళో సమంగా నిలబడదు. రచయిత్రి రంగనాయకమ్మ గారు 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము' అని విమర్శ రాస్తే చాలామందికి కోపం వచ్చింది, నాకు రాలేదు. నన్ను ఆ నవలలో భయపెట్టేది మంత్రగాడు కాదు, మంత్రగాణ్ణి నమ్మే గుంపు. ఆ గుంపు వైపు నుంచి రాసిన దయ్యం నవల తెలుగులో ఎవరైనా చదివి ఉంటే చెప్పండి.

మేడమీదగది:
ఎర్రనేల గారూ, మీరు మన్నించమనడం ఎందుకండీ. ఇది చదివాక అమ్మ కట్ట మళ్ళీ తీశాను. మొదటిసారి నేను గమనించని ఒక పేజీ ఉంది. చేతబడి చేసిందని అనుమానించిన ముసలమ్మను ఊరివాళ్ళు చింతచెట్టుకు కట్టేస్తారు. రచయితకు ఆవిడ పని అక్కడితో అయిపోయింది, పేరు కూడా పెట్టలేదు. నాలుగు లైన్లలో దాటేసి కథానాయకుడి కారు వెనకే వెళ్ళిపోయాడు. అమ్మ మాత్రం ఆ నాలుగు లైన్ల పక్కన నీలం సిరాతో గీత గీసింది. ఏమీ రాయలేదు. ఎందుకు గీసిందో అడగడానికి ఆవిడ లేదు.

రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. దీన్ని భయం అనాలో ఏమనాలో తెలియదు.

పాతకాగితం:
నాది పూర్తిగా వేరే సిద్ధాంతం. 'ఓ స్త్రీ రేపు రా' గుర్తుందా? 1990లలో మా వీధిలో ప్రతి తలుపు మీదా సుద్దముక్కతోనో బొగ్గుతోనో రాసి ఉండేది. దయ్యం వచ్చి చదివి, సరే రేపు వద్దామని వెళ్ళిపోతుందట. మర్నాడూ అదే మాట, అదే మర్యాద. మా పక్కింటాయన అక్షరాలు వంకరగా రాశాడని మా మామ్మ స్వయంగా చెరిపి తిరగరాసింది, దయ్యానికి అర్థం కాకపోతే ప్రమాదమని!

అంటే మన దయ్యానికి తెలుగు చదవడం వచ్చు. పైగా శ్రద్ధగా చదువుతుంది.

వారపత్రిక సీరియల్ చేసిందీ అదే కదా. గది తలుపు కిర్రుమందన్న చోట ఆపి 'వచ్చే వారం' అని రాసేవాళ్ళు. ఆ ఏడు రోజులూ మన ఇంట్లో ప్రతి తలుపూ కిర్రుమనేది. మిగతా కథ మనమే రాసుకునేవాళ్ళం, రచయిత కంటే ఘోరంగా. మేడమీదగది గారు వారాల తరబడి నడిచిన కథను మెట్రో ప్రయాణంలో మింగేశారు. ఇక భయానికి చోటెక్కడిది? చివరి రెండు వారాలూ దొరకకపోవడమే మీ అదృష్టం, వెతక్కండి.

కుక్కర్‌కూత:
అందుకేనా నాకు ఇప్పటికీ భయం వేస్తోంది! పోపు పుణ్యమా అని నాది రోజుకు మూడు పేజీల సీరియల్. ఇన్నాళ్ళూ దీన్ని కష్టమనుకున్నాను.

మంచుకిటికీ:
న్యూజెర్సీ నుంచి. ఇక్కడివి చెక్క ఇళ్ళు. చలికాలం రాత్రి చెక్క బిగుసుకుంటూ టక్కుమని శబ్దం చేస్తుంది, ఎవరో మెట్టు దిగినట్టు. కారణం తెలుసు, అయినా ప్రతిసారీ వేలు పేజీలో పెట్టి తల ఎత్తుతాను.

మేడమీదగది గారూ, ఒక ప్రశ్న. మీ కట్టలో బంగళా కాపలావాడికి ఎడమచేతికి ఆరు వేళ్ళు ఉన్నాయా? ఉంటే అది మా అత్తగారి దగ్గర బైండు చేయించినది ఉంది, చివరిదాకా. ఇక్కడికి వచ్చేటప్పుడు ఊరగాయ జాడీ తగ్గించుకుని మరీ తెచ్చుకున్నారు.

మేడమీదగది:
ఉన్నాయండీ! ఆరు వేళ్ళు! పాతకాగితం గారు క్షమించాలి, నాకు చివరి పేజీలు కావాలి. ఆ ముసలమ్మ మళ్ళీ వస్తుందేమో చూడాలి.

మంచుకిటికీ:
అత్తగారు నిద్రపోయారు, పుస్తకం ఆవిడ బీరువాలో ఉంది. ఫొటోలు తీసి రేపు పంపుతాను.

పాతకాగితం:
'రేపు' అని రాశారు, చూసుకోండి.