కొలత మించిన సరుకు మన రోడ్ల మీద రావాలా, వద్దా? – నల్లగొండ, పాలమూరు జిల్లాల చర్చ

వాడపల్లి నివాసి:

దామరచర్ల మండలం వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రానికి 2015 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. పనులు ఊపందుకున్నప్పటి నుంచి అద్దంకి–నార్కట్‌పల్లి రహదారి మీద భారీ యంత్రాలు మోసే బండ్లు రావడం, వాటి కోసం రాత్రిపూట కరెంటు తీసివేయడం, మలుపుల దగ్గర దుకాణాల రేకులు విప్పించడం మా ఊళ్లవారికి అలవాటైపోయింది. అక్కడి పని చివరికి వచ్చినా, పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల పంపుల భాగాలు, కొత్త సబ్‌స్టేషన్లకు కావలసిన ట్రాన్స్‌ఫార్మర్లు ఈ జిల్లాల్లోకి వస్తూనే ఉంటాయి. అందుకే ఈ ప్రశ్న అడుగుతున్నాను. ఇంత పెద్ద సరుకుకు రోడ్డు అనుమతి ఆపివేసి, రైలులో గానీ, కర్మాగారంలోనే ముక్కలు చేసి గానీ తెప్పించాలని ప్రభుత్వం నిబంధన పెట్టకూడదా? నా మట్టుకు పెట్టాలనే అంటాను. రోడ్డు మనది, వంతెన మనది, లాభం మాత్రం కంపెనీది అన్నట్టుగా ఉంది వ్యవహారం.

పుల్లర్ యజమాని, మిర్యాలగూడ:

భారీ ట్రెయిలర్లను లాగే పుల్లర్ బండ్లు నడిపేవాడిని, నివాసి గారి ఇబ్బంది నాకు తెలుసు. అయితే రోడ్డును పాడుచేసేది మా బండి అన్న మాట లెక్కకు నిలవదు. 200 టన్నుల ట్రాన్స్‌ఫార్మర్‌ను 16 వరుసల హైడ్రాలిక్ యాక్సిల్ (బరువును అన్ని చక్రాలకూ సమానంగా పంచే ట్రెయిలర్) మీద ఎక్కించామనుకోండి. యాక్సిళ్ల సొంత బరువు కలుపుకొని మొత్తం 265 టన్నుల దాకా అవుతుంది. వరుసకు పదహారున్నర టన్నులు, వరుసకు 8 టైర్లు, అంటే ఒక్కో టైరు మీద రెండు టన్నుల పైచిలుకు. నిబంధనల ప్రకారమే నడిచే టిప్పర్ వెనుక యాక్సిల్ మీద 11.5 టన్నులను నాలుగు టైర్లు మోస్తాయి, అంటే టైరుకు దాదాపు మూడు టన్నులు. ఇక ఓవర్‌లోడ్ కంకర లారీల సంగతి ఈ జిల్లాలో ఒకరు చెప్పనక్కరలేదు. యాక్సిల్ బరువు రెండింతలైతే రోడ్డుకు జరిగే నష్టం పదహారింతల దాకా పెరుగుతుందని రోడ్డు ఇంజినీర్లు చాలాకాలంగా నమ్ముతున్న సూత్రం. సిమెంటు ఫ్యాక్టరీల లారీలు రోజంతా తిరిగే దారి మీద, ఎప్పుడో ఒకసారి మనిషి నడక వేగంతో వెళ్లే మా బండిని దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు.

ముక్కలు చేయడం గురించి కూడా ఒక మాట. చేయగలిగినవన్నీ ఇప్పటికే ముక్కలుగానే వస్తున్నాయి. పాలమూరు ఎత్తిపోతలలో 145 మెగావాట్ల పంపుల స్పైరల్ కేసింగ్ (పంపు చుట్టూ నత్తగుల్లలా ఉండే ఉక్కు తొడుగు) భాగాలుగా వచ్చి సైటులోనే వెల్డింగ్ అవుతుంది. 800 మెగావాట్ల యూనిట్‌కు కావలసిన పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌ను కూడా ఒక్కటిగా కాక, ఒక్కో ఫేజుకు ఒకటి చొప్పున మూడుగా విడగొట్టే పంపుతారు. ఆ ఒక్కో భాగాన్ని ఇంకా విప్పాలంటే లోపలి ఇనుప కోర్, దాని మీది తీగ చుట్లు (వైండింగ్) బయటపడతాయి. గాలిలోని తేమ లోపలి కాగితపు ఇన్సులేషన్‌లోకి చేరితే దాన్ని మళ్లీ ఆరబెట్టడం ఎంత పనో ఆ రంగంలో ఉన్నవారిని అడగండి.

విశ్రాంత రైల్వే ఉద్యోగి, నల్లగొండ:

రైలు మాట వచ్చింది కనుక దాని హద్దులు చెప్పకపోతే చర్చ గాలిలో సాగుతుంది. బ్రాడ్‌గేజి మీద మామూలుగా అనుమతించే వెడల్పు 3,250 మి.మీ., మధ్యభాగంలో ఎత్తు 4,265 మి.మీ. అంతకు మించితే ప్రత్యేక అనుమతి, వేగ పరిమితి, వెంట తనిఖీ సిబ్బంది, ఎదురు రైళ్లను ఆపడం, ఇలా ఒక్కో మెట్టు పైకి పోతుంది. మధ్యలో పల్లంగా ఉండే వెల్ వ్యాగన్ వాడితే ఎత్తు కొంత కలిసివస్తుంది గానీ వెడల్పు కలిసిరాదు. దారిలోని ప్లాట్‌ఫారం అంచు, సిగ్నల్ స్తంభం, విద్యుదీకరణ తీగ అన్నింటినీ చూసుకోవాలి. దామరచర్ల పక్కన విష్ణుపురం మీదుగా పోయే బీబీనగర్–గుంటూరు మార్గం ఒంటి లైనుగా నడిచినది. 239 కిలోమీటర్ల డబ్లింగ్‌కు (రెండో లైను వేయడానికి) కేంద్రం 2023 ఆగస్టులో ఆమోదం తెలిపింది.

ఇంత చెప్పి కూడా నేను రైలు పక్షమే. ఎందుకంటే థర్మల్ కేంద్రానికి వచ్చే సరుకులో నిజంగా కొలత మించినవి కొన్నే. యాదాద్రి సూపర్‌క్రిటికల్ తరహా, అంటే చాలా ఎక్కువ ఒత్తిడిలో ఆవిరి తయారుచేసే కేంద్రం. ఆ బాయిలర్లలో నీటి నుంచి ఆవిరిని వేరుచేసే పాతకాలపు పెద్ద డ్రమ్ము ఉండదు. బాయిలర్ అంతా ప్యానెళ్లు (ట్యూబులు పక్కపక్కన అతికిన పలకలు), కాయిళ్లు, స్తంభాలు, పైపుల కట్టలుగానే వస్తుంది. బరువులో పెద్దపీట జనరేటర్ స్టేటర్‌ది (జనరేటర్‌లో తిరగకుండా ఉండే భాగం), ట్రాన్స్‌ఫార్మర్లది. ప్యానెళ్లు, స్తంభాలు రైలెక్కడానికి అడ్డేమీ లేదు, అయినా అవి ట్రెయిలర్ల మీద తరలివస్తాయి. ఎందుకు? వ్యాగన్ కోసం వేచి ఉండాలి, రెండుసార్లు క్రేన్ పెట్టాలి, పంపేవాడికి ఓపిక లేదు. ఆ ఓపిక లేకపోవడానికి మూల్యం మాత్రం రోడ్డు చెల్లిస్తోంది.

వంతెనల లెక్క:

'వంతెనల లెక్క' అనే పేరుతో రాస్తున్న నేను రోడ్లు, భవనాల శాఖ పనుల్లో చాలాకాలం డిజైన్ చూసినవాడిని. పుల్లర్ యజమాని గారు టైరు లెక్క సరిగానే చెప్పారు, కానీ అది తారుకు వర్తించే లెక్క. వంతెన టైరును చూడదు, తన మీద ఒకేసారి ఎంత బరువు నిలబడిందో చూస్తుంది. యాక్సిల్ వరుసల మధ్య దూరం సుమారు మీటరున్నర. 15 మీటర్ల స్పాన్ (రెండు ఆధారాల మధ్య భాగం) మీద ఒకేసారి పది వరుసలు పడతాయి. వారు చెప్పిన పదహారున్నర టన్నుల చొప్పున 165 టన్నులు. మన రెండు లేన్ల వంతెనలను డిజైన్ చేసే 70ఆర్ అనే ప్రామాణిక చక్రాల బండి మొత్తం బరువు 100 టన్నులు. వేగం వల్ల వచ్చే అదురుకు చిన్న స్పాన్లలో దాని మీద పావువంతు కలిపి చూసినా 125. భారీ బండి పాకుతూ పోతుంది కనుక అదురు లెక్క తీసివేయవచ్చు, మరే వాహనం ఎక్కనివ్వరు కనుక ఇంకొంత వెసులుబాటు ఉంటుంది. అయినా 125కు, 165కు మధ్య ఉన్న ఆ తేడాను 'ఏం కాదులే' అని కాక, ఆ వంతెన డ్రాయింగు ముందు పెట్టుకొని తేల్చాలి. పైగా ఊళ్లలోని పాత వంతెనల్లో చాలావాటికి ఈ 70ఆర్ లెక్క కూడా వేసి ఉండరు.

ఈ అవసరం గుర్తించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఆరో నంబరు కోడ్‌లో 385 టన్నుల ప్రత్యేక వాహనాన్ని చేర్చారు. 18 టన్నుల చొప్పున 20 యాక్సిళ్లు, వాటి ముందు ఒక పుల్లర్. ఆ వాహనం గంటకు 5 కిలోమీటర్లు దాటకూడదు. వంతెన మీద ఒంటరిగా పోవాలి. మధ్య రేఖ నుంచి 300 మి.మీ. కంటే పక్కకు జరగకూడదు. ఈ మూడో షరతు చదవడానికి చిన్నదిగా కనిపిస్తుంది గానీ, ప్రాణమంతా అందులోనే ఉంది. బండి ఒక పక్కకు ఒరిగితే ఆ వైపు గర్డర్ (వంతెనను మోసే దూలం) మీద భారం ఎగబాకుతుంది. కాబట్టి వంతెన మీద సున్నంతో మధ్య గీత గీసి, ఆ గీత మీదుగానే పోతోందో లేదో చూసే మనిషి కాలినడకన ముందుండాలి. ఆ మనిషి లేని దాటింపును నేను దాటింపు అనను, జూదమంటాను.

2022 ఏప్రిల్ 10న మధ్యప్రదేశ్‌లో భోపాల్–నాగ్‌పూర్ రహదారి మీద సుఖ్‌తవా వాగుపై ఉన్న బ్రిటిష్ కాలపు వంతెన, విద్యుత్ యంత్రం మోస్తున్న 138 చక్రాల బండి కింద కూలిపోయింది. ఆ బండి బయలుదేరింది మన హైదరాబాద్ నుంచే, చేరవలసింది ఇటార్సీ. చక్రాలు ఎక్కువ ఉంటే భయం లేదనుకునేవారు ఆ ఘటన గుర్తుంచుకోవాలి.

వీర్లపాలెం రైతు:

వంతెన బలం చాలదనుకుంటే ఏం చేస్తారో నేను చెబుతాను. పక్కన వాగులో హ్యూమ్ పైపులు (పెద్ద సిమెంటు గొట్టాలు) పరిచి, మొరం పోసి, వేసవిలో డైవర్షన్ చేస్తారు. బండి దాటుతుంది, కాంట్రాక్టరు వెళ్లిపోతాడు, పైపులు అక్కడే ఉంటాయి. తొలకరి వానకు తుమ్మ కంప, చెత్త కొట్టుకొచ్చి పైపుల మూతులు మూసుకుపోతే నీరు ఎగువ మడుల మీదికి ఎక్కుతుంది. మా పక్క పొలంలో నారుమడి రెండు రోజులు నీళ్ల కింద ఉండిపోయింది. ఎవరిని అడిగితే ఎవరు చెబుతారు? రవాణా సంస్థ వారు 'సబ్ కాంట్రాక్టరుకు ఇచ్చాం' అన్నారు, సబ్ కాంట్రాక్టరు ఫోను ఎత్తలేదు. మీరు టన్నుల లెక్కలు ఎన్నైనా వేయండి, దాటిన తరువాత వాగును పాత స్థితికి తెచ్చే బాధ్యత ఎవరిదో కాగితం మీద ఉండాలి.

అచ్చంపేట ఉపాధ్యాయుడు:

చర్చ అంతా వాడపల్లి చుట్టూనే తిరుగుతోంది. మా వైపు దోమలపెంటకు యంత్రాలు తీసుకుపోవాలంటే శ్రీశైలం రహదారి మీద అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోవాలి. అక్కడ రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను వదలరు. మైదానంలో భారీ బండిని రాత్రే నడపమంటారు, అడవిలో పగలే నడపమంటారు. ఘాట్ మలుపులో అది నిలిచిపోతే యాత్రికుల బస్సులన్నీ బారులు తీరుతాయి. కనీసం శివరాత్రి, పెద్ద సెలవుల ముందు రోజుల్లో అనుమతి ఇవ్వకుండా చూస్తే చాలు, నాకు అంతకు మించిన ఫిర్యాదు లేదు.

పుల్లర్ యజమాని, మిర్యాలగూడ:

వంతెనల లెక్క గారికి నా నమస్కారం, వారు చెప్పిన దానితో నాకు పేచీ లేదు. సున్నం గీత మా వాళ్లు గీస్తారు. బండి పక్కన నడిచే ఆపరేటరు చేతిలో హైడ్రాలిక్ ప్రెజర్ మీటర్లు చూస్తూ ఒక పక్క పల్లమైతే ఆ పక్క పడకను లేపుతాడు. పైకీ కిందికీ ముప్పై సెంటీమీటర్ల దాకా సర్దుకునే వీలుంటుంది. ట్రాన్స్‌ఫార్మర్‌లో నూనె తీసివేసి పొడి గాలి నింపుతాం, బుషింగులు (తీగలు బయటికి వచ్చే పింగాణీ గొట్టాల వంటివి), రేడియేటర్లు విడిగా వస్తాయి, ట్యాంకుకు అదురు నమోదు చేసే పెట్టె బిగిస్తారు. దారిలో గట్టి కుదుపు వస్తే ఆ పెట్టె దాచదు, సరుకు తీసుకునేవాడు ముందు దాన్నే విప్పి చూస్తాడు. కాబట్టి జాగ్రత్త మాకు ధర్మం మాత్రమే కాదు, బిల్లు రావడానికి దారి కూడా.

మా బాధ వేరే ఉంది. జాతీయ రహదారికి ఆన్‌లైన్‌లో అనుమతి దొరుకుతుంది. అక్కడి నుంచి దిగి జిల్లా రోడ్డు ఎక్కగానే రోడ్లు, భవనాల శాఖ వేరు, పంచాయతీరాజ్ వేరు, కాలువ కల్వర్టు నీటిపారుదల వారిది, తీగలు కరెంటు వారివి. రోడ్డు మీద అడ్డంగా పోయే 11 కేవీ లైను కనీసం 6.1 మీటర్ల ఎత్తులో ఉండాలి. ఎండలకు వేలాడిన చోట అంత ఉండదు. ప్రతి లైనుకూ ఎల్‌సీ, అంటే కరెంటు ఆపించే అనుమతి, తీసుకోవాలి, లైన్‌మన్ కోసం తెల్లవార్లూ కాచుకోవాలి. ఆ లోపు కేబుల్ టీవీ తీగను మా హెల్పరు వెదురు కర్రతో ఎత్తి పట్టుకుంటాడు, అది తెగితే ఊరంతా మా మీదికి వస్తుంది. ఏ కల్వర్టు ఎంత మోస్తుందో చెప్పే కాగితం అడిగితే ఏ ఆఫీసులోనూ లేదంటారు. మేమే డబ్బు పెట్టి కన్సల్టెంటుతో సర్వే చేయిస్తాం. వచ్చే ఏడాది అదే దారిలో ఇంకో కంపెనీ బండి వస్తే వాళ్లు మళ్లీ మొదటి నుంచి చేయిస్తారు.

వంతెనల లెక్క:

సరిగ్గా అక్కడే చేయవలసిన పని ఉంది. రోడ్డా, రైలా అని ఒకే నిబంధన పెట్టడం కంటే, ఈ రెండు మూడు దారులను శాశ్వతంగా భారీ సరుకు దారులుగా ప్రకటించడం మేలు. నార్కట్‌పల్లి నుంచి వాడపల్లి దాకా ఒకటి, జడ్చర్ల నుంచి నాగర్‌కర్నూల్ మీదుగా కొల్లాపూర్ వైపు ఒకటి. ఆ దారుల్లోని ప్రతి వంతెనకూ, కల్వర్టుకూ ఒక్కసారి సామర్థ్య పరీక్ష జరిపి ఫలితాన్ని అందరికీ కనబడేలా పెట్టాలి. అడ్డుతగిలే తీగలను ఒకేసారి ఎత్తు పెంచాలి, లేదా భూమిలోకి దించాలి. ఆ ఖర్చును ప్రతి బండి నుంచి దాని బరువు, దూరం ప్రకారం రాబట్టవచ్చు. ఆరు మీటర్ల కల్వర్టు మీద కూడా ఈ బండి నాలుగు వరుసలతో 66 టన్నులు దించుతుంది. పాత రాతి కల్వర్టును ప్రతిసారీ స్లీపర్లు (చెక్క దిమ్మెలు), ఇనుప పలకలతో కప్పే డబ్బుతో మూడో నాలుగో ట్రిప్పుకు కొత్త బాక్స్ కల్వర్టే కట్టుకోవచ్చునని నా అంచనా.

రైతు గారు అడిగిన దానికి: డైవర్షన్‌కు అనుమతి ఇచ్చేటప్పుడే డిపాజిట్ తీసుకోవాలి. దాన్ని బండి దాటిన రోజున కాక, పైపులు తీసి వాగును సరిచేశాక, ఒక వానాకాలం గడిచి, గ్రామ పంచాయతీ సంతకం చేసిన తరువాతే తిరిగి ఇవ్వాలి.

పుల్లర్ యజమాని, మిర్యాలగూడ:

పైపులు తీసే బాధ్యత ఒప్పుకుంటాను. కానీ వానాకాలం దాకా డబ్బు ఆపడం చిన్న సంస్థలకు భారం. మా బిల్లులే ఆరు నెలలకు వస్తాయి. బ్యాంకు గ్యారంటీ తీసుకోండి, నగదు వద్దు.

వాడపల్లి నివాసి:

గ్యారంటీ అయినా సరే, వీర్లపాలెం రైతు గారికి అభ్యంతరం లేకపోతే నాకూ లేదు. స్టేటర్, ట్రాన్స్‌ఫార్మర్ వంటివాటికి ప్రకటించిన దారిని వదిలేద్దాం. కానీ రైల్వే ఉద్యోగి గారు చెప్పిన 3,250 మి.మీ. లోపు ఇమిడే ప్యానెళ్లు, స్తంభాలు, పైపుల కట్టలకు రైలు తప్పనిసరి అనే నిబంధన కావాలన్న మాట మీదే ఉన్నాను. పక్కనే స్టేషన్ ఉండగా వాటిని కూడా అంత దూరం నుంచి ట్రెయిలర్ల మీద తేవడానికి నాకు కారణం కనబడదు.

పుల్లర్ యజమాని, మిర్యాలగూడ:

విష్ణుపురంలో దించాక సైటు దాకా మళ్లీ మా ట్రెయిలరే కావాలి, దించడానికో క్రేన్, ఎక్కించడానికో క్రేన్. ప్యానెల్ ట్యూబులు వంగేది ఆ ఎత్తే దగ్గరే. వంగిన ట్యూబుకు డబ్బు ఎవరు కడతారో రైల్వే ఉద్యోగి గారు చెబితే మిగతాది మాట్లాడుకుందాం.