ఉప్పు కరగడం, మంచు కరగడం వేరని పిల్లలకు ఎలా చెప్పాలి?

ఆరో తరగతికి సామాన్యశాస్త్రం చెబుతున్నాను. ద్రావణాల పాఠంలో మన మాటే అడ్డుపడుతోంది. మంచు కరిగింది అంటాం, ఉప్పు కరిగింది అనీ అంటాం. దాంతో సగం మంది ఉప్పు కూడా నీరైపోయిందనే అనుకుంటున్నారు.

100 గ్రాముల నీళ్లలో 10 గ్రాముల ఉప్పు కలిపి తూచాను, 110 గ్రాములు తూగింది. అందులో రెండు చెంచాలు పళ్లెంలో పోసి ఎండబెడితే అంచుల వెంట తెల్లటి చారలు, మధ్యలో చిన్న చిన్న పలుకులు మిగిలాయి. గెలిచాననుకున్నాను. అంతలో వెనక బెంచీ పాప లేచి, "మంచు నీళ్లు ఫ్రిజ్‌లో పెడితే మళ్లీ మంచు వస్తుంది కదా టీచర్, రెండూ ఒకటేగా?" అంది. మంచు కరగడానికి వేడి చాలు, ఉప్పుకు నీళ్లు తోడు కావాలి, ఉప్పు ఒక్కటే కరగాలంటే దాదాపు 800 డిగ్రీల వేడి పెట్టాలి అన్నాను. తల ఊపింది గానీ నమ్మినట్టు లేదు. 800 డిగ్రీలు బడిలో ఎక్కడ చూపించను?

ఇంకో చిక్కు పాలతో. సుద్దపొడి వడపోత కాగితం మీద నిలిచింది, పాలు కలిపిన నీళ్లు మాత్రం తెల్లగానే కిందికి దిగాయి. "అయితే పాలూ ద్రావణమే" అని తేల్చేశారు. నిజమైన ద్రావణంలో వెలుగు దారి కనిపించకూడదు కదా అని టార్చిలైటు వేస్తే, పాలనీళ్లలో అది చక్కగా కనిపించింది, కానీ ఉప్పునీళ్లలోనూ కనిపించింది! కుళాయి నీళ్లకు బదులు డిస్టిల్డ్ వాటర్, ఉప్పుకు బదులు పంచదార వాడితే సరిపోతుందా?

మాకు ప్రయోగశాల లేదు. వంటింటి సామానుతో చేసి చూసినవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.