అమ్మకు డిప్రెషన్ ఉంటే పిల్లలకు కూడా వస్తదా? తెలిసినోళ్లు కొంచెం చెప్పండి

మాది హన్మకొండ. రెండో కాన్పు అయినప్పటి సంది నాకు డిప్రెషన్, నాలుగేండ్లాయె, మందులు వాడుతున్న. మా పెద్ద బిడ్డకు తొమ్మిదేండ్లు. ఈమధ్య బడికి పొయ్యే టైంకు కడుపునొప్పి అంటది, రాత్రి నేను పండుకున్నంక మెల్లగ వచ్చి నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తది ఊపిరి ఆడుతుందా లేదా అని, మొన్న కండ్లు మూసుకొనే ఉండి అది గమనించిన, అప్పటి సంది నాకు నిద్ర లేదు.

అత్తమ్మ దిష్టి తీసింది, తాయెత్తు కడదాం అంటుంది. తల్లిదండ్రులకు డిప్రెషన్ ఉంటే పిల్లలకు రిస్క్ రెండు మూడు రెట్లు ఎక్కువని చదివిన, గానీ అందరికీ రావాలని లేదు, తల్లికి నయమైతే పిల్లలు కూడా కుదుటపడ్తరు అని కూడా ఉంది, దాన్నే పట్టుకొని ఉన్న. టెలిమానస్ (సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416కు ఫోన్ చేస్తే తెలుగులనే మంచిగ మాట్లాడిండ్రు, బిడ్డను ఒకసారి చూపియ్యమన్నరు.

వరంగల్, కరీంనగర్ దిక్కు పిల్లలను సైకియాట్రిస్ట్‌కు చూపిచ్చినోళ్లు ఉన్నరా? ఫస్ట్ రోజు ఏం అడుగుతరు? నా జబ్బు గురించి బిడ్డకు ఏమని చెప్పాలె, ఎంతవరకు చెప్పాలె? అదే సమజైతలేదు.