‘తరి’ అంటే మన ‘తూ’నేనా? జపనీస్ నేర్చుకునేవాళ్లు చెప్పండి

కొత్తబ్యాచ్:
జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో ఎన్4 స్థాయికి చదువుతున్నాను. ‘మిన్నా నొ నిహొంగొ’ పాఠ్యపుస్తకంలో 19వ పాఠం నడుస్తోంది. క్రియల చివర చేరే ‘తరి’ని (కొన్నిటికి ‘దరి’) మా సార్ ఒక్క ముక్కలో తేల్చేశారు, మన ‘తూ’ అనుకోండి చాలు అని. “నిచియోబి ని హొన్ ఒ యొందరి, ఏగ ఒ మితరి షిమస్” అంటే ఆదివారం పుస్తకాలు చదువుతూ, సినిమాలు చూస్తూ ఉంటాను. నాకైతే వెంటనే ఎక్కింది. దాని పై స్థాయి ఎన్3 పాసైన మా సీనియర్ మాత్రం ఇలా నేర్చుకుంటే తర్వాత ఏడుస్తావ్ అంటోంది. ఎవరి మాట వినాలి?

ఇడ్లీ_ఇన్_ఇజకయ:
మీ సార్ మాటే. “ఇత్తరి కితరి” అంటే వస్తూ పోతూ. వాళ్లు ముందు పోయి తర్వాత వస్తారు, మనం ముందు వచ్చి పోతాం, అంతే తేడా. “అమె గ ఫుత్తరి యందరి” అంటే వాన పడుతూ ఆగుతూ ఉంది. ఇంత చక్కగా అతికే మాట మన దగ్గరుండగా ఇంగ్లిష్ వివరణ చదివి బుర్ర పాడుచేసుకోవడం దేనికి?

పాఠం28:
ఇడ్లీ గారూ, మీరిచ్చిన రెండూ ఎదురెదురు పనులే. రావడం పోవడం, పడటం ఆగడం. అక్కడ ‘తూ’ సరిపోతుంది, ఒప్పుకుంటా. కొత్తబ్యాచ్ ఇచ్చిన వాక్యం అలాంటిది కాదు. పుస్తకాలు, సినిమాలు మచ్చుకి చెప్పినవి. ఆదివారం ఇంకేవో పనులు కూడా ఉంటాయని అందులోనే ఉంది. ‘చదువుతూ, చూస్తూ’ అంటే ఆ ‘వగైరా’ పోతుంది.

ఇంకోటి, 28వ పాఠంలో ‘నగరా’ వస్తుంది. “ఒంగకు ఒ కికినగరా బెన్క్యో షిమస్”, పాటలు వింటూ చదువుతాను. అసలు ‘తూ’ అది! రెండు పనులూ ఒకేసారి. ‘తూ’ని 19లోనే తరికి ఇచ్చేస్తే నగరాకి ఏమిస్తారు?

అన్నిటికంటే పెద్ద చిక్కు వాక్యం చివర. ‘చూస్తూ ఉంటాను’ అని మనసులో పెట్టుకున్నవాళ్లు “మితరి ఇమస్” అని రాస్తారు. అక్కడ ఉండాల్సింది ‘ఉండు’ (ఇమస్) కాదు, ‘చేయి’ (షిమస్). “చదవడం, సినిమాలు చూడటం లాంటివి చేస్తాను” అని నేర్పితే ‘షిమస్’ దానంతటదే వస్తుంది.

ఇడ్లీ_ఇన్_ఇజకయ:
చివరి పాయింట్ బాగుంది. కానీ ‘లాంటివి చేస్తాను’ అని ఇంట్లో ఎవరం మాట్లాడతాం చెప్పండి? పైగా జేఎల్‌పీటీలో మాట్లాడే పరీక్ష లేదు, రాసేదీ లేదు. సరైన ఆప్షన్ గుర్తుపడితే చాలు.

ఒసాకా_అక్క:
పరీక్షలో లేకపోతే ఏం తమ్ముడూ, ఇక్కడ డ్యూటీలో ఉంది కదా. నేను వృద్ధుల కేర్ హోమ్‌లో పనిచేస్తున్నా. షిఫ్ట్ మారేటప్పుడు “కుసురి ఒ నొందె, గొహన్ ఒ తబెమషిత” అంటే మందు వేసుకుని, ఆ తర్వాత అన్నం తిన్నారు. అదే “నొందరి, తబెతరి షిమషిత” అన్నావనుకో, ఏది ముందో ఏది వెనకో పోయింది. మందు పరగడుపున వేశారా, తిన్నాక వేశారా అని మళ్లీ అడుగుతారు. తరిలో వరస ఉండదు. ‘తూ’నా ‘లాంటివి’నా అని కొట్టుకునే ముందు పిల్లలకి ఇది చెప్పండి.

ఇంకా, ఒక్క తరితోనే సరిపెట్టడం ఇక్కడ రోజూ వింటాను. “హషిత్తరి షినైదె కుదసై”, పరుగెత్తడం అదీ చేయకండి అని కాస్త మెత్తగా చెప్పడం. పరీక్షకి మాత్రం రెండు తరిలూ గుర్తుపెట్టుకోండి, చివర ‘సురు’ (షిమస్‌కి మూలరూపం) మరవకండి. కాలం కూడా ఆ సురు మీదే మారుతుంది, తరి మీద కాదు.

గాగా_నరు:
మీరు తరి దగ్గరే ఆగిపోయారు. తెలుగువాళ్లు అసలు బోల్తాపడేది అదే పాఠంలోని ‘నరు’ (అవడం) దగ్గర. మనకి అన్నిటికీ ఒకటే ‘గా’. వాళ్లకి ‘సముయ్’ (చలి) లాంటివాటికి ‘కు’, ‘గెంకి’ (హుషారు) లాంటివాటికి ‘ని’. సముకు నరిమషిత, గెంకి ని నరిమషిత. ‘కిరేయ్’ (అందం) కూడా గెంకి రకమే, కానీ చివర ‘ఇ’ చూసి ‘కు’ తగిలించేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ఇక ‘డాక్టర్ అయ్యాడు’లో మనకి ‘గా’ కూడా లేదు కాబట్టి “ఇష నరిమషిత” అని ‘ని’ని మింగేస్తారు.

తరి, నరు కలిసొచ్చే వాక్యం చూడండి: “గుఐ గ యొకు నత్తరి వరుకు నత్తరి షితె ఇమస్”. ఒంట్లో ఓసారి నెమ్మదిస్తూ, ఓసారి ముదురుతూ ఉంది. ఇక్కడ ‘లాంటివి చేస్తోంది’ అంటే నవ్వుతారు. ‘తూ’నే కావాలి. కాబట్టి పాఠం28 గారు ‘తూ’ని మొత్తానికే తీసేస్తానంటే నేనొప్పుకోను.

పాఠం28:
మొత్తానికి తీసేయమనలేదే. ఎదురెదురు వాటికి ఉంచుకోండి. కొత్తవాళ్లకి మొదటి రోజే ‘తూ’ చెప్తే మచ్చు అన్న అర్థం తలకెక్కదు, అదే నా గొడవ. ముందు ‘లాంటివి’, ఓ వారం అయ్యాక ‘ఇత్తరి కితరి’.

ఇడ్లీ_ఇన్_ఇజకయ:
నేనైతే తిప్పి చెప్తా. ముందు వానా ఎండా, తర్వాత ఆదివారం. తేలికైనది ముందు రావాలి.

కొత్తబ్యాచ్:
అందరికీ థాంక్స్. ఇప్పుడే నోట్స్ తిరగేశాను. హోంవర్క్‌లో నాలుగు చోట్ల “తరి ఇమస్” అని రాసుంది, సార్ రైట్ కొట్టారు! అక్కా, ఆ మందుల వాక్యం క్లాసులో వాడుకోవచ్చా?

ఒసాకా_అక్క:
వాడుకో. ‘మందు వేసుకోవడం’కి వాళ్లు ‘నొము’ అంటారు, తాగడం. మాత్రకైనా అదే, ‘తబెరు’ అనకు.