అప్‌డేట్: బాపు ఇంటికొచ్చాడు

పోయిన వారం అడిగాను కదా, సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకై వచ్చే దీర్ఘకాల జబ్బు) ఉన్న బాపుకు ఆయాసం ముదిరి హనుమకొండలో ఐసీయూలో చేర్చాం, గొంతులో గొట్టం వేయకుండా మాస్కుతో బైపాప్ (ఊపిరి పీల్చడానికి గాలిని ఒత్తిడితో అందించే మిషన్) పెడతామంటున్నారు, ఒప్పుకోవాలా అని. ఒప్పుకున్నాం. నిన్న సాయంత్రం ఇంటికి తీసుకొచ్చాం.

మొదటి గంట మాత్రం నరకం. మాస్కు పెట్టగానే ఊపిరాడట్లేదని బాపు చేత్తో లాగేశాడు. సిస్టర్ బెల్టులు బిగించకుండా మాస్కును ముఖానికి ఆనించి పట్టుకుని, "మిషన్ గాలి ఇచ్చినప్పుడే మీరూ పీల్చండి బాపూ" అంటూ పావుగంట పక్కనే నిలబడింది. మెల్లగా అలవాటు పడ్డాడు. ఆమె రుణం తీర్చుకోలేను.

చేర్చినప్పుడు రక్తంలో పీహెచ్ (ఆమ్లత్వం కొలత, తగ్గితే ఆమ్లం పెరిగినట్టు) 7.26, కార్బన్ డయాక్సైడ్ 78. బాపు మత్తుగా ఉన్నది ఆ కార్బన్ డయాక్సైడ్ పెరగడం వల్లేనట. రెండు గంటల తర్వాత మళ్లీ ఏబీజీ (వీటిని కొలిచే రక్త పరీక్ష) చేస్తే పీహెచ్ 7.31కి పెరిగింది, కార్బన్ డయాక్సైడ్ 64కి తగ్గింది. అప్పటికీ మెరుగవకపోతే గొట్టం వేయక తప్పదని డాక్టర్ ముందే చెప్పారు, ఆ రిపోర్టు వచ్చేదాకా మా టెన్షన్ అంతా ఇంతా కాదు.

రక్తంలో ఆక్సిజన్ 90 శాతం దగ్గరే ఉంచారేంటని నేను గట్టిగానే అడిగాను. ఇలాంటివాళ్లకు 88 నుంచి 92 చాలు, ఎక్కువ ఇస్తే కార్బన్ డయాక్సైడ్ ఇంకా పెరుగుతుందట. ఇంట్లో సిలిండర్ ఉన్నవాళ్లు దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి, మేం తెలియక ఫుల్లుగా తిప్పేవాళ్లం.

మూడు రోజులకు మాస్కు తీసేశారు. ముక్కు దూలం మీద కమిలిన మచ్చ ఇంకా ఉంది. పొద్దున జావ తాగి, బీడీ కట్ట తనే తీసి అమ్మ చేతికిచ్చాడు.