ట్రకియాస్టమీ జరిగిన తొమ్మిదో రోజు రక్తం వస్తే వదిలేయవచ్చా?

ప్రశ్న (ఐసీయూ స్టాఫ్ నర్సు): వెంటిలేటర్‌పై ఉన్న మా రోగికి ట్రకియాస్టమీ (మెడ ముందు శ్వాసనాళానికి రంధ్రం పెట్టి ట్యూబు వేయడం) చేసి తొమ్మిది రోజులైంది. రాత్రి సక్షన్ (సన్నని గొట్టం, అంటే క్యాథెటర్‌తో ట్యూబులోని కఫం పీల్చడం) చేస్తుండగా రెండు చెంచాల దాకా తాజా రక్తం వచ్చి, దానంతటదే ఆగిపోయింది. క్యాథెటర్ ఒరుసుకుని ఉంటుందని, డ్రెస్సింగ్ మారిస్తే చాలని డ్యూటీలో ఉన్నవారు అన్నారు. ఇది సరైనదేనా? ట్యూబు విషయంలో మేము ఇంకేమి చూసుకోవాలి?

జవాబు (ఈఎన్‌టీ సర్జన్): సిస్టర్ గారూ, వదిలేయకూడదు. మొదటి రెండు రోజుల్లో వచ్చే రక్తం చాలావరకు కోత అంచులదే. మూడు రోజులు దాటాక, ఆరు వారాల లోపు వచ్చే రక్తాన్ని మాత్రం, శ్వాసనాళానికి ముందుగా అడ్డంగా సాగే ఇన్నామినేట్ ధమని ట్యూబు ఒరిపిడికి చిల్లుపడుతోందేమోనన్న అనుమానంతోనే చూడాలి. ఈ ఉపద్రవం అరుదే అయినా, దాని బారిన పడినవారిలో దాదాపు సగం మందికి ముందు ఇలాంటి చిన్న రక్తస్రావమే కనిపించి ఆగిపోతుంది. రోగి నిలకడగా ఉండగానే థియేటర్‌ను సిద్ధంగా ఉంచి బ్రాంకోస్కోపీ (కెమెరా గొట్టంతో శ్వాసనాళం లోపల చూడటం), సీటీ యాంజియోగ్రామ్ (రక్తనాళాల స్కాన్) చేయించాలి. రక్తం ఒక్కసారిగా చిమ్మితే కఫ్ (ట్యూబు చుట్టూ శ్వాసనాళంలో ఉబ్బే గాలి సంచి)లోకి మరింత గాలి ఎక్కించాలి. అప్పటికీ ఆగకపోతే నోటి ద్వారా ట్యూబు వేసి, రంధ్రంలోంచి వేలు పోనిచ్చి ధమనిని రొమ్ము ఎముకకేసి అదిమిపట్టి, ఆ వేలు తీయకుండానే థియేటర్‌కు తరలించాలి. రంధ్రం ఆ ధమనికి దగ్గరయ్యేలా మరీ కిందకు పోకుండా చూడటం సర్జన్ బాధ్యత. అలాగని శ్వాసనాళపు మొదటి మృదులాస్థి రింగు దాకా పైకి పోతే స్వరపేటిక కింద నాళం ఇరుకైపోతుందని అమెరికన్ గొంతు వైద్యుడు షెవాలియర్ జాక్సన్ 1921లోనే హెచ్చరించారు.

జవాబు (మత్తు వైద్యులు): మొదటి వారంలో ట్యూబు ఊడివస్తే గుడ్డిగా మళ్లీ తోయకండి. దారి ఇంకా గట్టిపడదు కనుక ట్యూబు నాళం ముందున్న కణజాలంలోకి పోతుంది. మెడ ఉబ్బి, నొక్కితే చర్మం కింద చిటపటలాడుతుంది. రంధ్రాన్ని గాజ్ గుడ్డతో మూసి, మాస్క్‌తో ఆక్సిజన్ ఇస్తూ నోటి ద్వారా శ్వాసనాళంలోకి ట్యూబు వేయడమే (ఇంట్యుబేట్ చేయడమే) మేలు. స్వరపేటిక పూర్తిగా తీసేసినవారికి పైనుంచి దారే ఉండదు, వారికి ఊపిరి ఆ రంధ్రం గుండానే అందాలి. ఆ సంగతి మంచం తలవైపు పెద్ద అక్షరాలతో రాసిపెట్టించండి.

జవాబు (సీనియర్ నర్సు): కఫ్ ఒత్తిడిని ప్రతి షిఫ్టులోనూ మానోమీటర్‌తో కొలిచి 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి మట్టం మధ్య ఉంచండి, బయట వేలాడే చిన్న బెలూన్‌ను వేళ్లతో నొక్కిచూసి సరేననుకోవడం కొలత కానే కాదు. రోగిని పక్కకు తిప్పేటప్పుడు ఒకరు కేవలం ట్యూబునే పట్టుకోవాలి, వెంటిలేటర్ గొట్టాల బరువు దానిమీద వేలాడకూడదు. అదే సైజు ట్యూబు, ఒక సైజు చిన్నది, రంధ్రాన్ని వెడల్పు చేసే డైలేటర్ ఎప్పుడూ మంచం పక్కనే ఉండాలి.