2007 శాంట్రో జింగ్: ప్లగ్గులు మార్చినా మిస్సింగ్ పోవడం లేదు

పాతబండి, కడప

1.1 లీటర్ల పెట్రోలు ఇంజిన్, 98 వేల కిలోమీటర్లు తిరిగింది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే ఏ తేడా ఉండదు. పావుగంట తిరిగినాక ఐడ్లింగ్‌లో (బండి ఆగి ఇంజిన్ తిరుగుతా ఉన్నప్పుడు) వణుకు మొదలై స్టీరింగ్ దాకా తెలుస్తా ఉంది. గువ్వలచెరువు ఘాట్లో ఏసీ వేసి మూడో గేర్లో ఎక్కిస్తే మిస్సింగ్ కొట్టి (ఏదో సిలిండర్లో పెట్రోలు అంటుకోక ఇంజిన్ తడబడి) పికప్ పడిపోతుంది. రెండో గేరుకు దించి రేస్ పెంచితే కొంచెం నయం. నాలుగు ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టరు, పెట్రోలు ఫిల్టరు కొత్తవి వేయించినా, థ్రాటిల్ బాడీ కడిగించినా. చెక్ ఇంజిన్ లైటు వెలగదు. మెకానిక్ హెడ్ (ఇంజిన్ పైభాగం) దించి చూడాలంటా ఉన్నాడు. దించే ముందు ఇంకేమైనా చూడొచ్చా అన్నా?

స్పానరు, అనంతపురం

హెడ్ జోలికి ఇప్పుడే పోవద్దన్నా. నాలుగింట్లో ఏ సిలిండరు పని చేయడం లేదో ముందు తేల్చండి. అది తేలకుండా ఎన్ని సామాన్లు మార్చినా డబ్బు దండగే.

లైటు వెలగలేదని ధైర్యపడొద్దు. మన దేశంలో ఓబీడీ (బండి తన లోపాలను తానే పట్టే ఏర్పాటు) 2010 నుంచే తప్పనిసరి అయింది. అంతకు ముందు బండ్లలో చాలావాటి ఈసీఎం (ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు) మిస్‌ఫైర్‌ను పట్టుకోదు, స్కానరు పెట్టినా పి0301 (1వ సిలిండరు మిస్) లాంటి కోడ్ రాదు. చేత్తోనే చూసుకోవాలి.

ఇంజిన్ బాగా వేడెక్కి వణుకు మొదలయ్యాక ఏసీ ఆపండి. రేడియేటరు ఫ్యాను తిరగని సమయం చూసి, ఐడ్లింగ్‌లో ఒక ఇంజెక్టరు (సిలిండరుకు పెట్రోలు చిమ్మేది) కనెక్టరు ఊడదీయండి. బాగున్న సిలిండరైతే ఆ క్షణమే రేస్ పడి ఇంజిన్ ఇంకా ఎక్కువ ఊగుతుంది. రెండు మూడు సెకన్లలో ఈసీఎం ఐడ్లింగ్‌ను సర్దేస్తుంది కాబట్టి మొదటి దెబ్బనే గమనించాలి. మళ్లీ పెట్టి తర్వాతిది. ఏది ఊడదీసినా తేడా రాలేదో అదే చచ్చిన సిలిండరు.

చాలా షెడ్లలో దీనికి ప్లగ్ వైరు పీకుతారు. అది వద్దు. షాక్ సంగతి అటుంచితే, కాలని పెట్రోలు సైలెన్సర్లోకి పోయి క్యాటలిటిక్ కన్వర్టరును (పొగను శుభ్రం చేసే డబ్బాను) కాల్చేస్తుంది, కాయిల్ మీద కూడా భారం పడుతుంది.

మీ బండికి డిస్ట్రిబ్యూటర్ (స్పార్కును సిలిండర్లకు వంతులవారీగా పంచే పాతకాలపు సామాను) లేదు. ఒకే పెట్టెలో రెండు కాయిల్స్ (ప్లగ్గులకు ఎక్కువ వోల్టేజీ ఇచ్చేవి) ఉంటాయి: ఒకటి 1, 4 సిలిండర్లకు, రెండోది 2, 3 సిలిండర్లకు. జతలో రెండిటికీ ఒకేసారి స్పార్క్ వస్తుంది. జత మొత్తం చచ్చిపడితే కాయిల్ని గానీ, దాని కనెక్టరును గానీ, లోపల పూర్తిగా తెగిన వైరును గానీ అనుమానించాలి, ఎందుకంటే రెండు ప్లగ్గుల మీదుగా తిరిగే సర్క్యూట్ ఒకటే. ఒక్కటే చచ్చి దాని జతది బాగుంటే వైరు ఇన్సులేషన్ చిట్లి కరెంటు బాడీకి కారిపోతుండొచ్చు. లేదంటే ప్లగ్గో, ఇంజెక్టరో, కంప్రెషనో (సిలిండర్లో గాలి నొక్కుకునే ఒత్తిడి).

ఘాట్‌రోడ్డు, కర్నూలు

స్పానరన్న చెప్పింది అక్షరాలా నిజం. నాకైతే లక్షణాలు చూస్తే ఇగ్నిషన్ (స్పార్క్ ఇచ్చే సామాన్లు) మీదే అనుమానం. వేడెక్కినాక రావడం, లోడ్ మీద ఎక్కువ కావడం రెండూ అటే చూపిస్తున్నాయి. మూడో గేర్లో యాక్సిలరేటరు గట్టిగా తొక్కితే సిలిండర్లో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో ప్లగ్ గ్యాపు దాటాలంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. ఇన్సులేషన్‌లో బలహీనమైన చోటుంటే కరెంటు గ్యాపు దాటకుండా అక్కడి నుంచే బయటికి దూకుతుంది. మేనిఫోల్డు (ఇంజిన్‌కు గాలి తెచ్చే గొట్టాలు) గాలి లీకైతే దీనికి తిరగబడి ఉంటుంది: ఐడ్లింగ్‌లో ఎక్కువ, రేస్ ఇస్తే తగ్గిపోతుంది.

రాత్రి చీకట్లో బానెట్ ఎత్తి, ఇంజిన్ ఆన్‌లో ఉండగా వైర్ల మీద స్ప్రే సీసాతో నీళ్లు సన్నగా చల్లండి. లీకుంటే సన్నటి నీలం నిప్పు కనబడుతుంది, టిక్ టిక్‌మని చప్పుడు వస్తుంది. చెయ్యి, చొక్కా బెల్టుకు దూరంగా పెట్టుకోండి.

ఆ తర్వాత ఇంజిన్ ఆపి వైర్లు తీసి మల్టీమీటరుతో కొలవండి. పొడవును బట్టి ఒక్కో దానికి కొన్ని కిలో ఓమ్స్ వస్తుంది. నాలుగూ పోల్చండి, ఏదైనా 20 కిలో ఓమ్స్ దాటినా, వంచినప్పుడు రీడింగ్ ఎగిరినా పనికిరాదు. అయితే రీడింగ్ బాగుందని వైరు బాగున్నట్టు కాదు. మీటరు లోపలి తీగనే కొలుస్తుంది, పైన రబ్బరు చిట్లింది దానికి తెలియదు. కాయిల్ కూడా వేడి మీదే కొలవాలి, చల్లారినాక చూస్తే అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి.

కొత్త ప్లగ్గుల గ్యాపు చూసుకున్నారా? 1.0 నుంచి 1.1 మి.మీ. ఉండాలి. పింగాణీ మీద నిలువుగా పెన్సిల్ గీత లాంటి నల్లటి చార ఉంటే కరెంటు దాని మీదుగా కారుతోందని అర్థం, ఆ ప్లగ్ కొత్తదైనా తీసేయాలి.

నల్లబండ, ఎర్రగుంట్ల

ఇగ్నిషన్‌లో ఏమీ దొరక్కపోతేనే ఇది.

పెట్రోలు వైపు: చచ్చిన సిలిండరు ఇంజెక్టరును పక్కదానితో మార్చి చూడండి, మిస్ దాని వెంట పోతే ఇంజెక్టరే. ఇంజెక్టరు లోపలి కాయిల్ రెసిస్టెన్సు 12 నుంచి 16 ఓమ్స్ మధ్య ఉండాలి.

కంప్రెషన్ టెస్టుకు హెడ్ దించే పనే లేదు. ఇంజిన్ వేడిగా ఉండాలి, నాలుగు ప్లగ్గులూ తీసేయాలి, పెట్రోలు పంపు రిలే, కాయిల్ కనెక్టరు ఊడదీయాలి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి పట్టుకుని ఐదారు చుట్లు సెల్ఫ్ కొట్టాలి. తొక్కకపోతే గాలి అందక అన్నీ తక్కువ చూపించి, బాగున్న ఇంజిన్‌ను పాడైందనిపిస్తుంది. 160 పీఎస్‌ఐ పైన ఉండి, నాలుగింటి మధ్య తేడా 15కు మించకపోతే ఇంజిన్ భేషుగ్గా ఉన్నట్టే. ఒకటి పడిపోతే అందులో ఒక టీస్పూను ఇంజిన్ ఆయిలు పోసి మళ్లీ కొలవండి. పెరిగితే పిస్టన్ రింగులు, పెరక్కపోతే వాల్వు పాడైనట్టు. పక్కపక్క రెండూ పడితే హెడ్ కింది గాస్కెట్. నాలుగూ సమానంగా తక్కువుంటే టైమింగ్ బెల్టు ఒక పన్ను జారిందేమో చూడాలి.

పాతబండి, కడప

చూసినా అన్నా. 3వ ఇంజెక్టరు ఊడదీస్తే తేడా లేదు, మిగతా మూడింటికీ రేస్ పడింది. చీకట్లో నీళ్లు చల్లితే 3వ వైరు క్లిప్పు దగ్గర, వాల్వు కవరు వైపుకు నిప్పు దూకుతా ఉంది. మీటర్లో మాత్రం నాలుగూ దగ్గరదగ్గరగానే ఉన్నాయి. ఆ ఒక్క వైరు మారిస్తే చాలా?

స్పానరు, అనంతపురం

సెట్టు మొత్తం మార్చండి, నాలుగూ ఒకే వయసువి. అంతకు ముందు ఒక్క పరీక్ష. 2, 3 వైర్లను ప్లగ్గుల వైపు మాత్రమే ఒకదానికొకటి మార్చి పెట్టండి, పొడవు అందితేనే. ఆ రెండిటికీ స్పార్క్ ఒకేసారి వస్తుంది కాబట్టి టైమింగ్ చెడదు. మిస్ 2వ సిలిండరుకు పోతే తప్పు వైరులో గానీ, అది కూర్చునే కాయిల్ బుడిపెలో గానీ ఉంది. బుడిపెలో పచ్చటి తుప్పు, కాలిన మచ్చ ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. తుప్పుంటే గీకి శుభ్రం చేయండి, పగులుంటే కాయిల్ కూడా మార్చాల్సిందే.

కొత్త వైర్ల బూట్లలో (చివరి రబ్బరు టోపీల్లో) డైఎలక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వనిది) కొంచెం రాయండి, టక్‌మని కూర్చునే దాకా నొక్కండి, క్లిప్పుల్లో విడివిడిగా పరవండి. వాల్వు కవరుకు ఆనకూడదు. 3వ ప్లగ్ పింగాణీ మీద నల్లచార ఉంటే అదీ మార్చండి, పాత చార కొత్త బూటును కూడా పాడు చేస్తుంది.

ఇదంతా అయ్యాక ఐడ్లింగ్ నున్నగా ఉండి, ఘాట్లో మాత్రం ఇంకా ఊపిరాడనట్టు లాగుతుంటే క్యాటలిటిక్ కన్వర్టరు మూసుకుపోయిందేమో చూపించండి. ఇన్నాళ్లూ 3వ సిలిండరు పెట్రోలు కాలకుండా దాంట్లోకే పోయింది.